పొట్ట తగ్గడానికి కాదు, లేచి నిలబడడానికి

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదనీ, ఉద్యోగి చేసిన సేవకు దక్కవలసిన హక్కు అనీ తేల్చింది. అందుకే ఏటా ఈ రోజును మనం పండుగలా జరుపుకుంటున్నాం. డి.ఏ. గురించి, పి.ఆర్.సి. గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నాకు కార్యదర్శిగారు అప్పజెప్పిన విషయం వేరు. "మొన్న కార్యవర్గ సమావేశంలో మీరు జంపఖానా మీద కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా లేచారు. డెబ్బై అయిదేళ్ల వయసులో అదెలా సాధ్యమో మనవాళ్లకు ఓ పావుగంట చెప్పండి" అన్నారు. వారి మాట కాదనలేక మీ ముందుకు వచ్చాను.

ముందుగా ఒక మనవి. నేను డాక్టరును కాను, యోగా మాస్టారును అసలే కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో యాభై ఎనిమిదేళ్లు నిండి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన మామూలు గుమాస్తాను. ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో నేను ఎత్తిన అతి బరువైన వస్తువు క్యాష్ బుక్కు. కాబట్టి ఇప్పుడు నేను చెప్పబోయేది తెలిసినవారిని అడిగి, కొంత చదివి, తప్పులు చేసి, నా ఒంటిమీద నేర్చుకున్నదే తప్ప పాండిత్యం కాదు.

2018లో మా మేనకోడలి ఇంట గృహప్రవేశం జరిగింది. నాకప్పుడు అరవై ఎనిమిదేళ్లు. పాత పద్ధతి మీద మక్కువతో వాళ్లు నేలమీద చాపలు పరిచి, అరిటాకుల్లో వడ్డించారు. చాలాకాలానికి బంతిలో కూర్చున్నానన్న సంతోషంతో గుమ్మడికాయ పులుసు, బూరెలు మారు వడ్డించుకుని మరీ తిన్నాను. పెరుగన్నం అయింది. బంతి లేచింది. నేను మాత్రం లేవలేకపోయాను. ఒక చెయ్యి ఎంగిలి. రెండో చెయ్యి నేలకు ఆన్చి ప్రయత్నిస్తే ఒళ్లు పైకి రావడం లేదు. చివరకు వడ్డన చేసే కుర్రాళ్లిద్దరు వచ్చి చంకల్లో చేతులు వేసి లేపారు. "తాతగారికి కుర్చీ, టేబులు వేయవలసింది" అన్నాడు వారిలో ఒకడు. పాపం, ఆ అబ్బాయి మంచికే అన్నాడు. కానీ ఆ మాట నన్ను చాలారోజులు వదలలేదు.

ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడ్డాను. నేరస్థుడు ఎదురుగానే కనిపించాడు. అదేనండీ, నా పొట్ట! కుర్చీలో కూర్చుని, కూర్చుని, సాయంత్రం క్యాంటీను బజ్జీలతో పెంచిన పొట్ట. దీన్ని కరిగిస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. మర్నాటి ఉదయం నుంచే మొదలుపెట్టాను. వెల్లకిలా పడుకోవడం, కాళ్లు మంచం కోళ్ల మధ్య ఇరికించడం, రెండు చేతులూ తలవెనక పెట్టుకుని లేచి కూర్చోవడం. చిన్నప్పుడు డ్రిల్లు మాస్టారు చేయించినవే. మొదటిరోజు పదిహేను. వారం తిరిగేసరికి రోజుకు యాభై. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి, "ముప్ఫై ఆరేళ్ల బకాయిలు వారంలో క్లియర్ చేస్తారా? ఆఫీసులో ఎప్పుడైనా అలా చేశారా?" అంది. నేను వినలేదు.

తొమ్మిదోరోజున లేవబోతుండగా నడుం పట్టేసింది. మూడు వారాలు మంచం దిగలేదు. పక్కకు ఒత్తిగిలాలన్నా, లేచి కూర్చోవాలన్నా మా ఆవిడ చెయ్యి కావలసి వచ్చింది. ఆవిడకూ అప్పటికి అరవై నాలుగు. లేవడం కోసం మొదలుపెట్టిన వ్యాయామం, అసలు లేవకుండా చేసి కూర్చోబెట్టింది.

డాక్టరుగారు మందులు రాసి, నొప్పి తగ్గాక ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. పాతికేళ్లు కూడా నిండని అమ్మాయి. మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణ నాకు ఇప్పటికీ గుర్తే.

"ఎన్ని చేసేవారు తాతగారూ?"

"యాభై అమ్మా."

"ఎన్ని రోజులకొకసారి?"

"రోజూ."

"మధ్యలో సెలవు?"

"లేదమ్మా. ఆదివారం కూడా చేశాను."

ఆ అమ్మాయి నాకేసి ఒక్క క్షణం చూసి, "మీరు నిజంగా గవర్నమెంటు ఉద్యోగమే చేశారా?" అంది.

ఆ రోజు ఆ అమ్మాయి చెప్పిన విషయాలు మూడు. ఏడేళ్లుగా అవే నన్ను నిలబెట్టాయి. మీకు కూడా అవే మనవి చేస్తాను.

మొదటిది: పొట్టమీద కొవ్వు వేరు, పొట్ట కండరం వేరు. రెండూ ఒకే చోట ఉన్నంత మాత్రాన ఒకే సెక్షను కాదు. పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట కొవ్వే కరుగుతుందని మనలో చాలామంది నమ్మకం. 2011లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. కొందరిచేత ఆరు వారాలపాటు, వారానికి అయిదు రోజులు, ఏడు రకాల పొట్ట వ్యాయామాలు చేయించారు. వారి కండరాల దమ్ము పెరిగింది గాని, చెయ్యనివారితో పోలిస్తే పొట్ట కొవ్వు ఏమీ తగ్గలేదు. కొవ్వు తగ్గాలంటే తిండి తగ్గాలి, నడక పెరగాలి. వేరే దారి లేదు. మన భారతీయులకు నడుం చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే షుగరు, గుండెజబ్బుల ప్రమాదం పెరుగుతుందని వైద్యులు హద్దు పెట్టారు. ఇంటికి వెళ్లాక టేపుతో కొలుచుకోండి. ఊపిరి బిగబట్టి కొలిస్తే మాత్రం అది తప్పుడు లెక్క.

మరి పొట్ట కండరాల పని ఏమిటి? మూటలు మోసే హమాలీలను, పొలంలో పనిచేసేవారిని మీరు చూసే ఉంటారు. బరువు ఎత్తేముందు నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుంటారు. అటువంటి తువ్వాలు ఒకటి పుట్టుకతోనే మన చర్మం లోపల ఉంది. అందులో నాలుగు జతల కండరాలు ఉన్నాయి. ఒక జత రొమ్ము ఎముకల నుంచి కిందికి నిలువుగా ఉంటుంది. సినిమా హీరోలు చొక్కా విప్పి చూపించేది దాన్నే. రెండు జతలు ఏటవాలుగా ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి. అన్నిటికంటే లోపల ఉండే నాలుగో జత అడ్డంగా, నడికట్టులాగా చుట్టుకుని ఉంటుంది. బిందె ఎత్తినా, బస్సు మెట్టు ఎక్కినా, కాలు జారి తమాయించుకున్నా, పక్కమీద నుంచి లేచినా వెన్నుకు దన్నుగా ఈ కట్టు బిగుసుకోవాలి. నేను గృహప్రవేశంలో లేవలేకపోయింది పొట్ట ఉన్నందువల్ల మాత్రమే కాదు. ఆ పొట్ట కింద కట్టు వదులైపోయింది, తొడల్లో సత్తువ తగ్గింది. అసలు కారణం అది.

రెండోది: ఎన్నిరోజులకొకసారి చెయ్యాలి? కండరం వ్యాయామం చేసేటప్పుడు పెరగదు. అప్పుడు అలుస్తుంది, సూక్ష్మంగా దెబ్బతింటుంది. తరువాత విశ్రాంతిలో, తిన్న తిండితో మరమ్మతు చేసుకుని, మునుపటికంటే కాస్త గట్టిపడుతుంది. ఆ మరమ్మతు ఒకటి, రెండు రోజులు సాగుతుంది. మన వయసులో ఇంకాస్త నిదానంగా సాగుతుంది. మన భాషలో చెప్పాలంటే ఫైలు పైకి పంపించాక ఆర్డరు వచ్చేదాకా ఆగాలి. రోజూ కొత్త రిమైండరు పెడితే పని జరగకపోగా కాగితం చిరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలలో 65 ఏళ్లు దాటినవారికి మూడు మాటలు చెప్పింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక వంటివి చెయ్యాలి. వారానికి కనీసం రెండు రోజులు శరీరంలోని ముఖ్యమైన కండరాలన్నిటికీ బలం కలిగించే వ్యాయామం చెయ్యాలి. పడిపోకుండా ఉండడానికి, నిలకడకు సంబంధించిన సాధన వారానికి మూడు లేక అంతకుమించిన రోజులు చెయ్యాలి. పొట్ట కండరాలు ప్రత్యేకమైనవి, వాటికి రోజూ పని చెప్పవచ్చు అని జిమ్ములకు వెళ్లే మన మనవలు అంటుంటారు. పొట్ట కండరం కూడా కండరమే. దానికీ సెలవు కావాలి. అందుచేత రోజు విడిచి రోజు, అంటే వారానికి మూడు రోజులు చాలు. కుదరనివారికి రెండు రోజులైనా చాలు. ఊపిరి వదులుతూ పొట్టను మెల్లగా బిగించడం వంటి తేలిక పనులు రోజూ చేసినా నష్టం లేదు.

నేను సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకున్నాను. పట్టుమని పదిహేను నిమిషాలు. ఏడేళ్లలో జ్వరం వచ్చినప్పుడు, ఊళ్లు వెళ్లినప్పుడు తప్ప మానలేదు. రోజూ యాభై చొప్పున తొమ్మిది రోజులు చేసినవాడికి మూడు వారాల మంచం దక్కింది. రోజు విడిచి రోజు పది చొప్పున ఏడేళ్లుగా చేస్తున్నవాడు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నాడు.

మూడోది: పడుకుని పూర్తిగా లేచి కూర్చునే సిట్-అప్స్ మన వయసుకు తగినవి కావు. అలా లేచినప్పుడు వెన్ను ముందుకు వంగి, వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీద చాలా ఒత్తిడి పడుతుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో వెన్నెముక మీద దశాబ్దాలపాటు పరిశోధన చేసిన ప్రొఫెసర్ స్టువర్ట్ మెక్‌గిల్ ఈ సంగతే చెబుతూ వచ్చారు. అమెరికా సైన్యం కూడా 1980 నుంచి తన దేహదారుఢ్య పరీక్షలో ఉంచిన సిట్-అప్స్‌ను తీసివేసి, 2022 నుంచి ఒళ్లు బల్లలా నిటారుగా బిగించి ఉంచే ప్లాంక్ అనేదాన్ని పెట్టింది. ఎముకలు గుల్లబారినవారు, ముఖ్యంగా మన సోదరీమణులు, వెన్ను ముందుకు వంచి లేచే వ్యాయామాలు అసలే చెయ్యకూడదు. వాటివల్ల వెన్నుపూసలు నొక్కుకుపోయి చిట్లే ప్రమాదం ఉంది.

అయితే ఏం చెయ్యాలి? నేను చేసేవి అయిదు. చాప చాలు, గోడ చాలు, గట్టి కుర్చీ చాలు.

ఒకటి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆన్చాలి. ఊపిరి వదులుతూ, ఎవరో పొట్టమీద గుద్దబోతున్నారన్నట్టు పొట్టను బిగించాలి. అయిదారు అంకెలు పైకి లెక్కపెట్టి వదిలెయ్యాలి. పైకి ఎందుకు లెక్కపెట్టాలంటే, నోరు మాట్లాడుతుంటే ఊపిరి బిగబట్టలేం. ఊపిరి బిగబడితే రక్తపోటు అమాంతం పెరుగుతుంది. ఇలా పదిసార్లు.

రెండు. అదే భంగిమలో పొట్ట బిగించి, ఒక మడమను నేలమీద జారుస్తూ కాలు చాపి, మళ్లీ దగ్గరకు తీసుకోవాలి. తరువాత రెండో కాలు. నడుం నేలనుంచి విల్లులా లేవకూడదు. ఒక్కొక్క కాలికి ఎనిమిది.

మూడు. సేతుబంధాసనం. మోకాళ్లు మడిచి ఉండగానే పిరుదులను మెల్లగా పైకెత్తి, మూడు అంకెలు ఆగి, దించాలి. ఎనిమిదిసార్లు.

నాలుగు. గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, ముంజేతులు గోడకు ఆన్చి, తలనుంచి మడమలదాకా ఒళ్లు నిటారుగా, పొట్ట బిగువుగా ఉంచాలి. పది అంకెలతో మొదలుపెట్టి ముప్ఫై దాకా పెంచుకోవచ్చు. నేలమీద ప్లాంక్ చెయ్యలేనివారికి ఇదే ప్లాంక్.

అయిదు. గోడకు ఆన్చిన గట్టి కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, లేచి నిలబడి మళ్లీ కూర్చోవడం. ఇది తొడలకు, పొట్టకు, నడుముకు కలిపి ఒకే బిల్లు. అమెరికా ప్రజారోగ్య సంస్థ సి.డి.సి. దీన్నే పరీక్షగా కూడా పెట్టింది. అరనిమిషంలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెడతారు. 75 నుంచి 79 ఏళ్ల మగవారు 11 కంటే తక్కువ, ఆడవారు 10 కంటే తక్కువ చేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. మొదట్లో నాకు ఏడు వచ్చాయి. ఇప్పుడు పన్నెండు వస్తున్నాయి.

ఎంత చెయ్యాలి అన్నదానికి కొలత ఉంది. చివరి రెండుసార్లు కాస్త కష్టమనిపించాలి గాని, పక్కవారితో మాట్లాడగలగాలి. మర్నాడు కండరం కొద్దిగా సలిపితే ఫరవాలేదు. ఆ సలుపు రెండు రోజులు దాటితే ఎక్కువ చేశామన్నమాట. కీలులోగాని, వెన్నులోగాని పోటు వస్తే వెంటనే ఆపెయ్యాలి. హెర్నియా ఉన్నవారు, పొట్టకు ఆపరేషను అయినవారు, గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, గ్లకోమా ఉన్నవారు డాక్టరుగారిని అడగకుండా ఏదీ మొదలుపెట్టవద్దు. నా మాట ప్రిస్క్రిప్షను కాదు.

తిండి విషయం కూడా ఒక్క ముక్క. కండరానికి మాంసకృత్తులు కావాలి. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవారికి ఒంటి బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని 2020లో లెక్క కట్టింది. అరవై కిలోల మనిషికి ఇది సుమారు 50 గ్రాములు. వృద్ధులకు కిలోకు ఒక గ్రాము, ఇంకాస్త ఎక్కువైనా మంచిదని చాలామంది నిపుణులు అంటున్నారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు. వారు డాక్టరు చెప్పినట్టే తినాలి. వయసు మీదపడ్డాక రాత్రిపూట కాస్త మజ్జిగన్నంతో సరిపెట్టుకోవడం మన అలవాటు. పప్పు, పెరుగు, సెనగలు, తినేవారైతే గుడ్డు, చేప పూటపూటకూ ఏదో ఒకటి ఉండేలా చూసుకోవాలి.

"ఈ వయసులో ఇంకేం పెరుగుతాయండీ కండలు?" అని మీరు అనుకోవచ్చు. 1990లో అమెరికాలోని బోస్టను నగరంలో, ఒక వృద్ధుల సంరక్షణాలయంలో తొంభై ఏళ్ల సగటు వయసున్న పదిమందిచేత ఎనిమిది వారాలపాటు కాళ్లకు బరువులు కట్టినట్టుగా వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసినవారి తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. వారిలో ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభైలో వారికి సాధ్యమైనది డెబ్బైలో మనకు సాధ్యం కాదా? వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తినాయుడుగారు రొమ్ముమీద ఏనుగును నిలబెట్టుకునేవారని చిన్నతనంలో మా పెద్దలు కథలుగా చెప్పేవారు. మనకంత అవసరం లేదు. మన ఒంటి బరువును మనం ఎత్తుకోగలిగితే చాలు.

"మేం రోజూ నడుస్తున్నాం కదా, అది చాలదా?" అని కొందరు అడుగుతారు. నడక తప్పనిసరి. కానీ నడక బేసిక్ పే లాంటిది. కండరాల వ్యాయామం డి.ఏ. లాంటిది. ధరలు పెరిగినకొద్దీ డి.ఏ. లేకుండా బేసిక్ చాలదు. అలాగే వయసు పెరిగినకొద్దీ కండరాల బలం లేకుండా నడక ఒక్కటే చాలదు. ఈ మాట నేను సరదాకు అనడం లేదు. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక స్నేహితుడు ఖర్చయ్యాడు.

ఆయన పేరు చెప్పను. మీలో కొందరికి తెలుసు. ఒకే సెక్షనులో పదకొండేళ్లు పక్కపక్క సీట్లలో పనిచేశాం. భార్య గతించింది. కొడుకులిద్దరూ అమెరికాలో స్థిరపడ్డారు. నడకలో మా అందరికంటే ముందుండేవాడు. రోజూ అయిదు కిలోమీటర్లు. నేను ఆయాసపడుతూ వెనక వస్తుంటే వెనక్కి తిరిగి నవ్వేవాడు. 2022 ఆగస్టులో ఒకరోజు రాత్రి పదకొండు గంటలప్పుడు బాత్రూములో జారి పడ్డాడు. ఎముక విరగలేదు. తలకు దెబ్బ తగలలేదు. కానీ లేవలేకపోయాడు. తెల్లవారుజామున పాలు పోసే అబ్బాయి పిలిచి పిలిచి, పక్కవాళ్లను లేపి తలుపు తీయించేదాకా, ఆరున్నర గంటలు ఆ తడి నేలమీదే ఉన్నాడు. గదిలో మంచం మీద ఫోను రెండుసార్లు మోగిందట. అక్కడ పగలు కదా, పెద్దకొడుకు చేశాడు. వినిపిస్తూనే ఉంది, అందుకోలేకపోయాడు. తరువాత నెమ్ము చేసింది. ఇరవై రోజుల్లో పోయాడు.

కర్మలకు వచ్చిన పెద్దబ్బాయి నన్ను పక్కకు తీసుకువెళ్లి, "నాన్న రోజూ నడిచేవాడు కదా అంకుల్, అంత ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎందుకు లేవలేకపోయాడు?" అని అడిగాడు. నాకు జవాబు తెలుసు. అదే నా బాధ. నాకు 2018 నుంచీ తెలుసు. నాలుగేళ్లపాటు ఆయన పక్కనే నడుస్తూ ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? చెప్పాలంటే గృహప్రవేశంలో నన్ను ఇద్దరు కుర్రాళ్లు చంకల్లో చేతులు వేసి లేపిన సంగతి కూడా చెప్పాలి. సిగ్గుపడ్డాను. కార్యదర్శిగారు అడిగిన వెంటనే ఒప్పుకోవడానికి అసలు కారణం ఇదే. ఆ సంగతి నలుగురిలో చెప్పడం నాకు ఇదే మొదటిసారి.

మిత్రులారా, మనం ఇలాంటివి దాచుకుంటాం. పింఛను ఎంత వస్తుందో చెబుతాం, షుగరు ఎంత ఉందో చెబుతాం. నేలమీద కూర్చుంటే లేవలేకపోతున్నాం అని మాత్రం చెప్పం. "ఎందుకులే" అని కుర్చీ అడుగుతాం. తరువాత పూజకు కుర్చీ, భోజనానికి కుర్చీ. మోకాళ్లు అరిగినవారు కుర్చీ వాడడంలో తప్పులేదు. కానీ చేతనైనవారు కూడా మానుకుంటే ఆ చేతనైనది కూడా పోతుంది. బ్రెజిల్‌లోని రియో నగరంలో డాక్టర్ క్లాడియో గిల్ అరౌజో బృందం 51 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 2,002 మందిని నేలమీద కూర్చుని లేవమని పరీక్షించింది. కూర్చోవడానికి 5 మార్కులు, లేవడానికి 5. చెయ్యిగాని, మోకాలుగాని ఆన్చిన ప్రతిసారీ ఒక మార్కు కోత. కొన్నేళ్లు వారిని గమనించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. 8కి పైగా మార్కులు వచ్చినవారితో పోలిస్తే, 3 లోపు వచ్చినవారిలో ఆ కాలంలో మరణాలు అయిదారు రెట్లు ఎక్కువ. లేవలేకపోవడమే చావుకు కారణమని దీని అర్థం కాదు. కండబలం, నిలకడ, కీళ్ల వంపు, ఒంటి బరువు అన్నీ కలిపి తెలిపే ఒక లెక్క అది. నాకు ఈ పరీక్షలో వచ్చేది ఎనిమిది. కూర్చునేటప్పుడు ఒక చెయ్యి, లేచేటప్పుడు ఒక చెయ్యి ఇప్పటికీ కావాలి. ఇంట్లో ప్రయత్నించేవారు పక్కన మనిషిని, గట్టి కుర్చీని పెట్టుకుని మరీ ప్రయత్నించండి.

పడితే ఎలా లేవాలో కూడా ముందే సాధన చేసి ఉంచుకోవాలి. కంగారుగా లేవబోకూడదు. ముందు ఒక నిమిషం ఊపిరి పీల్చుకుని, దెబ్బ తగిలిందేమో చూసుకోవాలి. దెబ్బ లేకపోతే ఒక పక్కకు ఒత్తిగిలాలి. మోచేతి మీద లేచి, రెండు చేతులు, రెండు మోకాళ్ల మీదికి రావాలి. దగ్గరలో ఉన్న కుర్చీదాకానో, మంచందాకానో పాకాలి. దాన్ని పట్టుకుని, బలమున్న కాలి పాదాన్ని నేలకు ఆన్చి, పొట్ట బిగించి లేవాలి. ఈ వరుసను నెలకొకసారైనా మీ అబ్బాయో, కోడలో, మనవడో పక్కన ఉండగా చేసి చూడండి. ఒంటరిగా ఉండేవారు ఫోనును బాత్రూముకు వెళ్లేటప్పుడు కూడా వెంట ఉంచుకోండి. బాత్రూము గోడకు ఒక పట్టుకునే కడ్డీ బిగించుకోండి. మా మిత్రుడి ఇంట్లో ఇవేవీ లేవు.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. ముసలివారు కింద కూర్చుంటామంటే "వద్దు, వద్దు" అని ఆపకండి. పక్కన నిలబడండి. లేవడానికి చెయ్యి ఇచ్చేముందు వారిని ఒకసారి ప్రయత్నించనివ్వండి.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి మనం ఎంతో జాగ్రత్త పడతాం. ట్రెజరీవారికి మనం బతికి ఉన్నామని రుజువు చెయ్యడానికి ఇప్పుడు ఒక్క వేలిముద్ర చాలు. మనకు మనం రుజువు చేసుకోవడానికి మాత్రం నేలమీద కూర్చుని లేవాలి. దానికి రోజూ గంటలకొద్దీ శ్రమ అక్కరలేదు. పొట్ట మాయమై సినిమా హీరోల్లా తయారవనక్కరలేదు. నా పొట్ట నాతోనే ఉంది, మీరు చూస్తూనే ఉన్నారు. కింది కట్టు మాత్రం బిగిసింది. రోజు విడిచి రోజు పావుగంట. అంతే. కానీ ఆ పావుగంటకు రిటైర్మెంటు లేదు.

కార్యదర్శిగారికి నాదొక విన్నపం. వచ్చే ఏడాది ఇదే రోజున ఈ కుర్చీల వరుసలకు ముందు ఒక జంపఖానా పరిపించండి. ఇష్టమున్నవారు దానిమీద కూర్చుంటారు. లేచేటప్పుడు ఒకరికొకరం పక్కన ఉందాం. లేవలేనివారు సిగ్గుపడకుండా ఆ మాట చెప్పుకునే చోటు మన సంఘం కావాలి. నేను నా మిత్రుడికి చెప్పలేకపోయిన మాట మీకు చెప్పుకునే అవకాశం ఇచ్చినందుకు కార్యవర్గానికి కృతజ్ఞుణ్ణి.